పెదనాన్న భుజంలో ఇనప ముక్క ఉంది, కాగితం మీద లేదు

మా పెదనాన్న ఎడమ భుజం వెనక, రెక్క ఎముకకి ఆనుకుని, పెసరగింజ కన్నా కాస్త పెద్ద ఇనప ముక్క ఒకటి ఉంది. 1971 డిసెంబర్ నుంచీ అక్కడే ఉంది. అప్పటి డాక్టర్లు పైన ఉన్న ముక్కలు తీసేసి, లోపలిదాన్ని కదిపితే నరం దెబ్బతింటుందని వదిలేశారట. మా ఇంట్లో ఇదేం కొత్త విషయం కాదు, చలికాలంలో ఆయన భుజం పట్టుకుంటే "ఏంటి, మళ్ళీ పాకిస్తాన్ వాడు పొడుస్తున్నాడా" అని పెద్దమ్మ అనడం మామూలే. అసలు గొడవ మొదలైంది నడుం నొప్పికి డాక్టరు ఎమ్మారై రాసినప్పుడు. స్కానింగ్ సెంటర్లో ఫారం నింపుతున్న అమ్మాయి ఒంట్లో లోహం ఏదైనా ఉందా అని అడిగింది, ఈయన ఉందమ్మా, యుద్ధంలో తగిలిన స్ప్లింటర్ అన్నారు, ఆ అమ్మాయి పెన్ను ఆపి "దానికి సంబంధించిన రిపోర్ట్ ఏమన్నా ఉందా సార్?" అంది.

లేదు.

ఎమ్మారై మానేసి ఎక్స్‌రే, సీటీ తీశారు, నడుం సంగతి తర్వాత మెల్లగా సర్దుకుంది గానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. యుద్ధంలో దెబ్బ తిన్న మనిషి దగ్గర దెబ్బ తిన్నట్టు ఒక్క కాగితం ఎందుకు లేదు? ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తీయించాను, మూత మీద తెల్ల పెయింటుతో ఆయన ఆర్మీ నంబరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అడుగున పాలిథిన్ కవర్లో డిశ్చార్జి బుక్, ఆర్మీ నుంచి బయటికొచ్చేటప్పుడు సర్వీసు వివరాలు రాసి ఇచ్చేది. మిలటరీ వాళ్ళ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి తెలుసు, ఆ బుక్కు ఇంటి పట్టా కన్నా ఎక్కువ. అందులో పతకాల దగ్గర రాసినవి ఇవీ: రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, సైన్య సేవా మెడల్, ఇరవై అయిదో స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, తొమ్మిదేళ్ళ లాంగ్ సర్వీస్ మెడల్. అంతే.

తెలియనివాళ్ళకి ఇది నిండుగానే కనిపిస్తుంది, నాకూ అలాగే కనిపించింది. మా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, అదే, అందరూ సైనిక్ బోర్డ్ అంటారే అక్కడ, పనిచేసే ఒక రిటైర్డ్ హవల్దార్ గారు ఆ పేజీ చూసి వెంటనే "1971లో ఈయన ఎక్కడున్నారు?" అని అడిగారు. పడమటి సరిహద్దులో షకర్‌గఢ్ వైపు అని చెప్పాను. "మరి పశ్చిమీ స్టార్ ఏదమ్మా?" అన్నారు.

సంగతి ఏంటంటే, 1971 యుద్ధానికి సంబంధించి సంగ్రామ్ మెడల్ అన్నది ఆ రోజుల్లో సర్వీసులో ఉన్న చాలామందికి వచ్చింది, వెనకెక్కడో స్టోర్స్‌లో ఉన్నవాళ్ళతో సహా. యుద్ధభూమిలో ఉన్నవాళ్ళకి దానికి తోడు ఒక స్టార్ వస్తుంది. తూర్పున, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు ఉన్నవాళ్ళకి పూర్వీ స్టార్, పడమట పంజాబ్, జమ్ము, రాజస్థాన్ సరిహద్దుల వైపు ఉన్నవాళ్ళకి పశ్చిమీ స్టార్. ఇవి కాక శత్రువు నేరుగా చేసిన దాడిలో గాయపడ్డవాళ్ళకి వూండ్ మెడల్ ఇంకొకటి ఉంది, దాన్నే పరాక్రమ్ పదక్ అంటారు. అంటే మా పెదనాన్న బుక్కు ప్రకారం ఆయన 1971లో ఆర్మీలో ఉన్నాడు, కానీ యుద్ధానికి వెళ్ళలేదు, దెబ్బా తగల్లేదు.

ఏ రెజిమెంటు, సైనికుల కాగితాలు ఉంచే ఏ రికార్డ్ ఆఫీసు అన్నది ఇక్కడ రాయను. ఇప్పుడు అక్కడ కూర్చుని మా ఉత్తరాలకి జవాబు రాస్తున్న క్లర్కు బహుశా ఆ తప్పు జరిగినప్పటికి పుట్టి కూడా ఉండడు, అతన్ని వీధిలోకి లాగి ఏం లాభం.

ఎలా జరిగిందన్నది ఆయన నోటి నుంచి రాబట్టడం ఒక పని. యుద్ధం కథలు చెప్పే రకం కాదు ఆయన, అడిగితే తిండి గురించి చెప్తాడు, పూరీలు చల్లారి చెప్పు అట్టల్లా ఉండేవని, టీ మాత్రం ఎలాగోలా వచ్చేదని. నెమ్మదిగా బయటపడింది ఇదీ. డిసెంబర్ రెండో వారం, రాత్రి, ట్రెంచి నుంచి వైర్‌లెస్ బ్యాటరీ అందించడానికి లేచారు, షెల్ వెనకాల ఎక్కడో పడింది. భుజం మీద ఎవరో గట్టిగా చరిచినట్టు అనిపించి తిరిగి చూస్తే ఎవరూ లేరు. నొప్పి కాదు ముందు తెలిసింది, జెర్సీ లోపల వెచ్చగా కారడం. పక్కనున్న తమిళ కుర్రాడు ఫీల్డ్ డ్రెస్సింగ్ చింపి కట్టాడు. తెల్లారేలోపు ఎయిడ్ పోస్ట్, అక్కణ్ణించి డ్రెస్సింగ్ స్టేషన్, ఫీల్డ్ ఆస్పత్రి, ఆ తర్వాత రైల్లో ఎక్కడో దూరాన ఉన్న మిలటరీ ఆస్పత్రి. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందన్న వార్త వార్డులో రేడియోలో విన్నారట, కాళ్ళు లేనివాళ్ళు కూడా మంచాల మీద కూర్చుని చప్పట్లు కొట్టారని చెప్పి, వెంటనే ఆ ఆస్పత్రిలో పప్పు బావుండేదని తిండి మీదకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు కాగితాల వైపు నుంచి చూడండి. గాయపడిన మనిషికి ముందు ఒక ఫీల్డ్ మెడికల్ కార్డు రాసి చొక్కా గుండీకి కడతారు, దెబ్బ ఎలా తగిలిందో దాని మీద ఉంటుంది. ఆ మనిషి ఒక్కో చోటి నుంచి వెనక్కి జరుగుతున్నకొద్దీ కొత్త కాగితం, కొత్త చేతిరాత. ముందువాడు షెల్ స్ప్లింటర్, శత్రు కాల్పులు అని రాస్తే తర్వాతవాడు స్ప్లింటర్ గాయం అంటాడు, ఆఖరువాడు ఉత్త గాయం అని రాసి సరిపెడతాడు. ఇలాగే జరిగిందని నా దగ్గర రుజువు లేదు గానీ, మా చేతికొచ్చిన ఆఖరి కాగితంలో మాత్రం ఉన్నది ఇంగ్లీషులో ఆ ఒక్క మాటే, ఇంజురీ. ఆ మాటకి బాత్‌రూంలో జారి పడ్డా అదే రాస్తారు. యుద్ధంలో దెబ్బ తింటే బ్యాటిల్ క్యాజువాల్టీ, మామూలుగా దెబ్బ తింటే ఫిజికల్ క్యాజువాల్టీ, ఆర్మీ లెక్కలో ఈ రెండూ పూర్తిగా వేరు. పెన్షన్ నుంచి పతకం దాకా అన్నీ ఆ ఒక్క ముద్ర మీద ఆధారపడతాయి.

స్టార్ పోయింది ఇంకో దారిలో. ఆ స్టార్లు యుద్ధం అయిపోయాక ఏర్పాటు చేసినవి, ఆ తర్వాతే యూనిట్లు ఎవరెవరికి రావాలో పేర్ల పట్టిక తయారుచేసి పంపాయి. అప్పటికి ఈయన యూనిట్‌లో లేరు. ఆస్పత్రిలో చేరగానే యూనిట్ బలం నుంచి, అంటే ఆ యూనిట్ మనుషుల లెక్కలోంచి, పేరు తీసేశారు, కోలుకున్నాక డిపోకి పంపారు, అక్కణ్ణించి వేరే యూనిట్‌కి. పాత యూనిట్‌కి ఈయన వెళ్ళిపోయిన మనిషి, కొత్త యూనిట్ ఏమో యుద్ధంలో ఆ వైపు లేనే లేదు కాబట్టి వాళ్ళు పంపడానికి పట్టికే లేదు. ఇంకో అనుమానం కూడా ఉంది. భర్తీ అప్పుడు మన తెలుగువాళ్ళ పేర్లతో చేసేదేగా, ఇంటిపేరుని పేరు చేసి, అసలు పేరుని సగానికి కోసి, ఆఖరికి అందరినీ రావు చేసి వదిలారు. యూనిట్‌లో రావులు చాలామంది. ఇంకో రావు పేరు పట్టికలో చూసి ఈయనే అనుకుని ఉంటారని పెదనాన్న నమ్మకం.

నేను ఇది మొత్తం విని, అంటే దెబ్బ తగిలి వెనక్కి పోవడం వల్లే పతకం పోయిందన్నమాట అన్నాను. ఆయన నవ్వలేదు. "చచ్చినవాడి పేరు రాస్తారు అమ్మాయ్, నిలబడ్డవాడి పేరు రాస్తారు. మధ్యలోవాడు ఆస్పత్రి ఖాతా" అన్నారు.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే. పతకాల పట్టికలు తయారయ్యేది యూనిట్‌లో, అక్కడ ఉన్నవాళ్ళ చేత. గాయపడ్డవాడు అక్కడ ఉండడు, గాయపడ్డాడు కాబట్టే ఉండడు. నిబంధనలు రాసేవాళ్ళకి ఇది తెలియక కాదు, కనీసం ఇన్ని రోజులు ఉండాలి అనే షరతున్న పతకాల్లో కూడా గాయపడి వెనక్కి వెళ్ళినవాళ్ళకి ఆ షరతు నుంచి మినహాయింపు పెట్టడం ఆనవాయితీ. కాగితం మీద మినహాయింపు ఉంటుంది, ఆ మినహాయింపు కింద ఫలానావాడు ఉన్నాడని గుర్తుపెట్టుకుని పేరు రాసే మనిషే ఉండడు.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని మీకు అనిపిస్తుంది, రికార్డ్ ఆఫీసుకీ అదే అనిపించింది, ఉత్తరంలో రాశారు కూడా. అడిగారు. కొత్త యూనిట్‌లో హెడ్ క్లర్కుని అడిగితే పాత యూనిట్ పంపాలి అన్నాడు, పాత యూనిట్‌కి రాస్తే జవాబు లేదు. 1980లో డిశ్చార్జి అప్పుడు ఇంగ్లీషులో ఉన్న కాగితాల కట్ట ముందు పెట్టి సంతకాలు చెయ్యమన్నారు, సాయంత్రం రైలు, చేసేశారు. ఆ తర్వాత పొలం, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు. ఇంకోటి కూడా ఉంది, ఆయన తరం వాళ్ళకి పతకం అడిగి తెచ్చుకోవడం నామోషీ. ఇస్తే తీసుకుంటారు, ఇవ్వకపోతే ఊరుకుంటారు.

మా అన్నయ్య ఈ గొడవంతా చూసి, కంటోన్మెంట్ల దగ్గర షాపుల్లో అన్ని పతకాలూ అమ్ముతారు, స్టార్ ఒకటి కొని కోటుకి పెడితే పోయేదిగా అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు పాపం. పెదనాన్న ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి తన రక్షా మెడల్ తెచ్చి, నిలబెట్టి పట్టుకుని, అంచు మీద వేలు పెట్టి చూపించారు. సన్నగా, చిన్న చిన్న అక్షరాల్లో ఆయన నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు. పేరు తప్పుగానే ఉంది, అదే రావు. "షాపుదానికి అంచు నున్నగా ఉంటుంది" అన్నారు. అన్నయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

డబ్బు కోసమా అని అడిగినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకీ చెప్పేస్తాను. స్టార్‌తో పైసా రాదు. నెల నెలా భత్యం వచ్చేది శౌర్య పతకాలకి. 2017లో పెంచిన లెక్క ప్రకారం పరమ వీర చక్రకి నెలకి 20,000, మహావీర చక్రకి 10,000, వీర చక్రకి 7,000, సేనా మెడల్‌కి 2,000. అవి వేరే ప్రపంచం. ఫలానావాడు ఫలానా సాహసం చేశాడని కమాండింగ్ ఆఫీసర్ సిఫార్సు రాయాలి, పైకి వెళ్ళాలి, గెజిట్‌లో రావాలి, ఏళ్ళు గడిచాక వాటిని తిరగదోడటం దాదాపు జరగని పని. మేం అడుగుతున్నది అది కాదు. ఫలానా రోజు ఫలానా చోట ఉన్నాడు, అక్కడ దెబ్బ తిన్నాడు, ఈ రెండు విషయాలు రికార్డులోకి ఎక్కించమని. ధైర్యం చూపించాడని ఎవరూ రాయక్కర్లేదు.

సైనిక్ బోర్డ్ హవల్దార్ గారు చెప్పిన సలహా మాత్రం బంగారం, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. "పతకం ఇప్పించండి అని రాయొద్దమ్మా, పార్ట్ టూ ఆర్డర్ అడగండి" అన్నారు. ఆర్మీలో సైనికుడి జీవితంలో ఏం జరిగినా, పోస్టింగ్, సెలవు, ఆస్పత్రి, పెళ్ళి, పిల్లలు, ప్రమోషన్, అన్నీ పార్ట్ టూ ఆర్డర్‌గా వెలువడితేనే జరిగినట్టు. అది ఉంటే పతకం దానంతట అదే వస్తుంది, అది లేకపోతే రాష్ట్రపతి చెప్పినా రాదు అని ఆయన మాట. అందుకని ముందు అర్జీ పెట్టలేదు, ఆర్టీఐ కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి 1971 నవంబర్ నుంచి 1972 చివరి దాకా ఆయన పేరు మీద వెలువడిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్ళు, రిలీజ్ మెడికల్ బోర్డ్ కాగితాలు, అంటే డిశ్చార్జికి ముందు చేసే వైద్య పరీక్షవి, అడిగాం.

ఇక్కడ పెదనాన్నకి ఒక అదృష్టం ఉంది, ఆయన పెన్షనర్. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళ తర్వాత ధ్వంసం చెయ్యొచ్చని ఆర్మీ రెగ్యులేషన్స్‌లోనే ఉంది, చాలా కేసుల్లో అదే జవాబు వస్తుంది, కాలం తీరింది, తగలబెట్టాం అని. పెన్షనర్లవి ఇంకా ఎక్కువ కాలం ఉంచుతారు. కానీ ఆస్పత్రుల దగ్గర ఉండే కాగితాలు అంతకాలం ఉండవు. ఆయన పడుకున్న ఆస్పత్రి నుంచి మాకు వచ్చిన జవాబు ఒకే ఒక్క వాక్యం, ఆ కాలపు రికార్డులు లేవు.

నకళ్ళు వచ్చాయి, అన్నీ కాదు, కొన్ని. మసకబారిన టైపు. అందులో ఒక లైను చూసి నేను కుర్చీలోంచి లేచాను: డిసెంబర్‌లో ఫలానా తేదీన ఆస్పత్రిలో చేరిక, యూనిట్ బలం నుంచి తొలగింపు. అంటే ఆ తేదీ దాకా ఆయన ఆ యూనిట్‌లోనే ఉన్నట్టు ఆర్మీయే చెప్తోంది, ఆ యూనిట్ అప్పుడు షకర్‌గఢ్‌లో ఉన్నట్టు చరిత్ర పుస్తకాలే చెప్తాయి. స్టార్‌కి అంతకన్నా ఏం కావాలి. కారణం దగ్గర మాత్రం ఆ ఇంజురీ అన్న మాట.

సాక్షిని వెతకడం ఒక పెద్ద కథ, క్లుప్తంగా చెప్తాను. మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపుల్లో పాత యూనిట్ పేరు పెట్టి అడగ్గా అడగ్గా, ఆ రాత్రి కట్టు కట్టిన తమిళ కుర్రాడు దొరికారు, నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యారు, ఇప్పుడు ముత్తాత. ఫోన్లో ఇద్దరూ ఆర్మీ హిందీలో మాట్లాడుకున్నారు, ఒకరిది తెలుగు హిందీ, ఒకరిది తమిళ హిందీ, మధ్యలో బూతులు, స్పీకర్ పెట్టొద్దని పెద్దమ్మ గోల. ఆయన నోటరీ దగ్గర అఫిడవిట్ చేసి పంపారు. ఒక్క చిక్కు, తేదీ ఒక రోజు తేడా. పెదనాన్న చెప్పేది ఒక రాత్రి, ఆయన రాసింది ఆ మర్నాటి రాత్రి. ఆర్డర్‌లో ఆస్పత్రి తేదీ చూస్తే రెండూ కుదురుతాయి. కొత్త అఫిడవిట్ తెప్పించి తేదీ కలపమని తెలిసినవాళ్ళు ఒకరు చెప్పారు, నేను వద్దన్నాను. యాభై ఏళ్ళ తర్వాత ఇద్దరు ముసలివాళ్ళకి తేదీ అచ్చు గుద్దినట్టు ఒకేలా గుర్తుంటేనే అనుమానపడాలి.

ఇవన్నీ పెట్టి రికార్డ్ ఆఫీసుకి అర్జీ పంపాం, ఎక్స్‌రే కూడా జతచేశాం, రేడియాలజిస్ట్ రిపోర్ట్‌తో సహా, ఎడమ భుజం వెనక లోహపు ముక్క, పాతది అని.

జవాబు వచ్చింది. స్టార్ విషయంలో అర్హత ఉన్నట్టు కనిపిస్తోంది, యూనిట్ మోహరింపు వివరాలు సరిచూసుకుని ఆర్డర్ జారీ చేస్తామని రాశారు. ఇది చిన్న విషయం కాదు, ఆ రోజు పెద్దమ్మ పాయసం చేసింది. వూండ్ మెడల్ మాత్రం తిరస్కరించారు. గాయం శత్రువు చర్య వల్లే అయిందనడానికి సమకాలీన పత్రం, అంటే ఆ రోజుల్లోనే రాసిన కాగితం, లేదు, అఫిడవిట్ సరిపోదు, ఎక్స్‌రేలో లోహం ఉన్నంత మాత్రాన అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు అని.

పెదనాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని "నిజమే, దాని మీద పాకిస్తాన్ అని రాసి ఉండదుగా" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కార్డు రాసింది ఆర్మీ, దాచింది ఆర్మీ, పారేసింది ఆర్మీ, ఇప్పుడు అది నువ్వే తెచ్చి చూపించు అంటోంది ఆర్మీ. 1971 డిసెంబర్‌లో షకర్‌గఢ్‌లో ట్రెంచిలో ఉన్న సైనికుడి భుజంలోకి ఇనప ముక్క ఎక్కణ్ణించి వస్తుందనుకుంటున్నారు, చేలో దున్నుతుంటే వచ్చిందా? సొంత షెల్ ముక్కా, ప్రమాదవశాత్తూ పేలిన గ్రెనేడా అని అడగొచ్చు, అడగడం న్యాయమే, కానీ అలా అయిందనడానికీ వాళ్ళ దగ్గర కాగితం లేదు.

ఇక్కడ నాకు అస్సలు అర్థం కానిది ఒకటి ఉంది. వైకల్య పెన్షన్ విషయంలో ఇదే ప్రశ్నకి సుప్రీం కోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో, భర్తీ అప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని తీసుకున్న మనిషికి సర్వీసులో ఏదైనా వస్తే, అది సర్వీసు వల్ల కాదని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే, సహేతుకమైన అనుమానం ఉంటే దాని లాభం సైనికుడిదే అంది. ఆ పెన్షన్ అర్హత తేల్చే 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లోనే ఆ మాట ఉంది. నెల నెలా ఖజానా నుంచి డబ్బు పోయే చోట అనుమానపు లాభం సైనికుడికి ఇస్తారు, పైసా ఖర్చు లేని రిబ్బన్ ముక్క దగ్గరికొచ్చేసరికి రుజువు మొత్తం ఆయన నెత్తిన పెడతారు. పతకానికి పరువు ఉండాలి, అడిగినవాడికల్లా ఇవ్వకూడదు, ఒప్పుకుంటాను, అబద్ధపు గాయాలతో వచ్చేవాళ్ళూ ఉంటారు. కానీ ఒంట్లో ముక్క ఉన్నవాడినీ, లేనివాడినీ ఒకే గాటన కడితే పరువు పెరుగుతుందా?

రికార్డు తప్పని తేలితే దిద్దుతారా అంటే, దిద్దిన సందర్భాలు ఉన్నాయి, అదీ చాలా పై స్థాయిలో. కార్గిల్ యుద్ధంలో బతాలిక్ వైపు బ్రిగేడ్‌ని నడిపిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్, పైవాళ్ళు తన పాత్రని రిపోర్టుల్లో తగ్గించి రాశారని సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్తే, 2010లో ట్రిబ్యునల్ ఆయన మాట నిజమని తేల్చి, ఆ యుద్ధ నివేదికని సరిచెయ్యమంది. ఆయన బ్రిగేడియర్, మా పెదనాన్న అప్పట్లో లాన్స్ నాయక్, ఆ తేడా నాకు తెలుసు. అయినా ఆ తలుపు ఒకటుంది. 2007 చట్టంతో వచ్చిన ట్రిబ్యునల్ అది, ఒక జడ్జి, ఒక రిటైర్డ్ మిలటరీ అధికారి కూర్చుంటారు, మన తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ చూస్తుంది. తుది జవాబు వచ్చాక ఆరు నెలల్లో వెళ్ళాలి, ఆలస్యమైతే కారణం చెప్పుకోవాలి. తిరస్కరించిన ఉత్తరం మీద తేదీ చూసి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాను.

యూనిట్ వార్ డైరీ మీద కూడా ఆశ ఉంది. ఆ రోజుల్లో ఎంతమంది గాయపడ్డారో, కొన్నిసార్లు పేర్లతో, డైరీలో రాసేవారట. 2021లో రక్షణ శాఖ ఒక విధానం తెచ్చింది, 25 ఏళ్ళు దాటిన యుద్ధ పత్రాలని నిపుణులు పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి, అదే నేషనల్ ఆర్కైవ్స్‌కి, పంపాలని. పంపినవి ఏవో, అందులో మాకు కావలసిన డిసెంబర్ ఉందో లేదో కనుక్కోవడానికి ఇంకో ఆర్టీఐ వేశాం.

ఇక మిగిలింది ఒక పాత ఉత్తరం గొడవ. మొన్న లాయర్‌కి చూపించడానికి కాగితాలు సర్దుతుంటే పెద్దమ్మ తన చీరల బీరువాలోంచి ఒక ఇన్‌ల్యాండ్ లెటర్ తెచ్చి ఇచ్చింది. 1971 డిసెంబర్ ముద్ర, ఆస్పత్రి నుంచి. చెయ్యి కదలక పక్క మంచం మీదున్న తెలుగు అబ్బాయి చేత రాయించారు. నేను ఎగిరి గంతేసి విప్పి చదివితే అందులో ఉన్నది ఇదీ: "నేను క్షేమం. రాత్రిపూట ట్రెంచిలో కాలు జారి పడితే భుజానికి కొంచెం దెబ్బ తగిలింది. కంగారు పడవద్దు. నాన్నకి చెప్పవద్దు." అప్పటికి పెద్దమ్మకి ఏడో నెల. సమకాలీన పత్రం కావాలన్నారుగా, ఇదిగో సమకాలీన పత్రం, ఆయన గాయపడ్డాడని ముద్ర వేసి మరీ చెప్తుంది, శత్రువు కొట్టలేదని కూడా అదే చెప్తుంది!

లాయర్ గారు నవ్వి, తేదీ మనకి లాభం, రాసింది మనకి నష్టం, ఆస్పత్రి తేదీ ఆర్డర్‌లో ఎలాగూ ఉంది కాబట్టి దీన్ని పెట్టక్కర్లేదు అన్నారు. నాకూ అదే సబబు అనిపించింది. పెద్దమ్మ అయితే అసలు ట్రిబ్యునలే వద్దంటుంది, ఒకటి వచ్చిందిగా, ఈ వయసులో చెన్నై చుట్టూ తిరగడం ఎందుకని. పెదనాన్న ఇద్దరి మాటా వినే మనిషి కాదు. ఉత్తరం కూడా పెట్టాల్సిందే అని పట్టుబట్టారు. "దాచిపెట్టి గెలిచేది నాకొద్దు. ఆ అబద్ధం రాయించింది నేనే, కడుపుతో ఉన్న పెళ్ళానికి షెల్ తగిలిందని రాస్తారా ఎవరైనా? ఎందుకు రాయించానో ఆ కూర్చున్న మిలటరీ ఆయనకి అర్థమవుతుంది, నేను చెప్తా" అన్నారు.

లాయర్ గారు ఇంకా ఒప్పుకోలేదు. పిటిషన్ డ్రాఫ్ట్ ఈ నెలాఖరుకి ఇస్తానన్నారు, ఉత్తరం జతచెయ్యాలా వద్దా అన్నది అప్పుడు తేలుతుంది.